తొట్టిలో అన్న మాటలు

గున్‌థోరాకి ఆ మధ్యాహ్నం కళాకేంద్రానికి వెళ్ళాలని లేదు. మొగుడు హావర్దురే పట్టుపట్టాడు.

"ఊరంతా అక్కడుంటే మనం ఇంట్లో కూర్చుని ఏం చేస్తాం గున్నా? కాఫీ ఇస్తారట. ఓద్నీ తీపి క్లెయినాలు వేయించి తెస్తోందట," అన్నాడు, చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకుంటూ.

ఆమె దగ్గరికెళ్ళి ఆ గుండీలన్నీ విప్పి మళ్ళీ పెట్టింది. పెడుతున్నంతసేపూ కాలరు నలిగిందని సణిగింది. కాలరు బాగానే ఉంది. గుండీల సంగతి అతనికి తెలియకుండా ఉండటానికి ఏదో ఒకటి సణగాలి. ఇలాంటి సణుగుళ్ళు ఈ రెండేళ్ళలో ఆమెకి బాగా అబ్బాయి. అతను మాట మధ్యలో ఆగిపోతే తొందరదానిలా అందుకుని పూర్తిచేసేది. ఎవరి పేరైనా అతనికి గుర్తురాకపోతే ముందే ఆ పేరుతో పలకరించేది. "ఈ గున్నా మొగుణ్ణి నోరెత్తనివ్వదు," అని ఊళ్ళో అనుకుంటే అనుకోనీ. అసలు సంగతి కంటే ఆ మాట నయం అనుకుంది.

క్రోస్‌విక్ రేవులో చేపలు గడ్డకట్టించే పాత కర్మాగారం మూతపడి చాలా ఏళ్ళయింది. దానికి తెల్లసున్నం వేసి, కిటికీలు మార్చి, కళాకేంద్రం చేశారు. ఓద్నీ కూతురు దాగ్రూన్ నగరంలో చదువుకుని వచ్చి దాన్ని నడుపుతోంది. ప్రతి శీతాకాలం బయటినుంచి ఒక కళాకారుడు వచ్చి మేడ మీద ఉంటాడు. ఏదో తయారుచేస్తాడు. మంచు కరిగే రోజుల్లో దాన్ని ఊరికి చూపించి వెళ్ళిపోతాడు. కిందటేడాది వచ్చినావిడ గోడనిండా చేపతోళ్ళు అతికించింది. ఊరివాళ్ళు మర్యాదగా చూసి, ఊపిరి బిగబట్టుకుని కాఫీ తాగి ఇళ్ళకి వెళ్ళారు.

ఈ ఏడు వచ్చిన ఊల్వర్ మాత్రం అందరికీ నచ్చాడు. సన్నగా, నెమ్మదిగా ఉంటాడు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళార్పకుండా వింటాడు. రోజూ పొద్దున్నే అందరితోపాటు ఈతకొలను దగ్గరికొచ్చి వేడినీళ్ళ తొట్టిలో దిగేవాడు. గడ్డాలదాకా నీళ్ళలో మునిగి, నెత్తిమీద మంచు పడుతుంటే, ఊరి రాజకీయాలూ కీళ్ళనొప్పులూ కోడళ్ళ మీద చాడీలూ అన్నీ నడిచేది ఆ తొట్టిలోనే. ఊల్వర్ మోకాళ్ళు దగ్గరికి లాక్కుని ఒక మూల కూర్చునేవాడు. "పాపం, మా అబ్బాయిలైతే ఒక్కమాట వినరు," అని ఆడవాళ్ళందరూ మెచ్చుకునేవాళ్ళు. గున్‌థోరా కూడా మెచ్చుకుంది.

వాళ్ళు వెళ్ళేసరికి కేంద్రం కిటకిటలాడుతోంది. పెద్దగదిలో దీపాలు ఆర్పేశారు. మధ్యలో నీళ్ళులేని గుండ్రటి తొట్టి ఒకటి కట్టి, అంచుమీద జనాన్ని కూర్చోబెట్టారు. చీకట్లో స్పీకర్లలోంచి గొంతులు వినిపిస్తున్నాయి. ముందు ఒక మగగొంతు. నగరం యాస, నాటకంవాడి గొంతు.

"పంచాయితీ అధ్యక్షుడికి రోడ్డు మీద గుంతలు కనపడవు. ఎందుకంటే ఆయన వాటిలోనే నివాసం ఉంటాడు."

గది గొల్లుమంది. "ఒరేయ్ థోర్‌బెర్గుర్, ఇది నీ మాటరా!" అని ఎవరో అరిచారు. గరాజు నడిపే థోర్‌బెర్గుర్ చేతిలో కాఫీకప్పుతో మొహం చిట్లించుకుని నవ్వాడు. అధ్యక్షుడు కూడా ఆ గదిలోనే ఉన్నాడు. అతనూ నవ్వాడు కానీ ఆ నవ్వు ఆలస్యంగా వచ్చింది.

తర్వాత ఒక ఆడగొంతు, మొగుడి గురకని తిమింగలంతో పోల్చుతూ. మళ్ళీ నవ్వులు. ఓద్నీ నవ్వలేదు. అది ఆమె మాట. ఆమె మొగుడు పక్కనే ఉన్నాడు.

గున్‌థోరా చేతిలో క్లెయినా అలాగే ఉండిపోయింది. ఇవన్నీ తొట్టిలో మాటలే. ఉన్నవి ఉన్నట్టుగా, విరుపులతో సహా. అప్పుడు ఆమెకి, తొట్టిలో తనూ ఊల్వరూ తప్ప ఎవరూ లేని ఒక ఉదయం గుర్తొచ్చింది. లేచి హావర్దుర్‌ని బయటికి తీసుకుపోదామని అతని చెయ్యి పట్టుకునేలోపే ఇంకో ఆడగొంతు మొదలైంది. వయసులో ఉన్న పిల్ల గొంతు, మెత్తగా, తడితడిగా.

"మా ఆయన మంచు తుపానులో కళ్ళు మూసుకుని పడవని రేవులోకి తెచ్చిన మనిషి. నిన్న కారెక్కి, మా వాకిట్లోంచి బయటికి ఎలా తిప్పాలో తెలీక స్టీరింగు పట్టుకుని కూర్చుండిపోయాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. వెళ్ళలేదు. వెళ్తే నేను చూశానని తెలిసిపోతుంది కదా. కాసేపటికి లోపలికొచ్చి, బయట గాలి బాగా ఉంది, రేపెళ్తాను అన్నాడు. సరే అన్నాను. రాత్రి పక్కమీద నావైపు తిరిగి, అమ్మా, మీరెవరి తాలూకు అని అడిగాడు. ఎంత మర్యాదగా అడిగాడో! కసిరి ఉంటే అంత బాధేసేది కాదు."

ఎవరూ గున్‌థోరా వైపు చూడలేదు. అందరూ ఒకేసారి నేలవైపు చూస్తుంటే, అది అందరూ ఆమెనే చూస్తున్నట్టుంది.

హావర్దుర్‌కి చెవులు కొంచెం మందం. ఏదడిగినా గట్టిగా అడుగుతాడు.

"పాపం, ఎవరో గానీ! ఎవరి గురించి గున్నా అది?"

థోర్‌బెర్గుర్ దగ్గాడు. ఓద్నీ గబుక్కున లేచి హావర్దుర్ మోచెయ్యి పట్టుకుంది. "ఎవరో నగరంవాళ్ళలే. నువ్వు రా, నీకోసం వేడివేడి కాఫీ ఉంచాను," అంటూ వెలుతురున్న గదిలోకి నడిపించుకెళ్ళింది.

గున్‌థోరా క్లెయినాని కోటుజేబులో పడేసి ఊల్వర్‌ని వెతుక్కుంటూ వెళ్ళింది. అతను ద్వారం దగ్గర, మెడకి ఎర్రటి గుడ్డ చుట్టుకుని, నగరం నుంచి వచ్చిన పత్రికావిడతో మాట్లాడుతున్నాడు. ఆమెని చూసి అతని మొహం వెలిగింది. అది చూసేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"నా మాటలు తీసెయ్. ఇప్పుడే."

"గున్‌థోరా, మీ పేరెక్కడా పెట్టలేదు. గొంతు కూడా మీది కాదు. ఎవరికీ తెలిసే అవకాశం..."

"ఈ ఊళ్ళో ఉన్నదే గుప్పెడుమంది! పడవా, కారూ, వంటింటి కిటికీ అని చెప్తే ఎవరిల్లో నెలల పిల్లాడు కూడా చెప్తాడు. ఆయన ఆ గదిలోనే ఉన్నాడు. విన్నాడు."

ఊల్వర్ మొహం వాడింది. నిజంగానే వాడింది. "ఆయన వస్తారనుకోలేదు," అన్నాడు మెల్లగా. "కానీ ఒక్కమాట చెప్పనివ్వండి. అన్నిటికన్నా అందమైన మాటలు మీవే. ముందుగా విన్న నగరంవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు."

"అందమా? నా మొగుడు నన్ను గుర్తుపట్టకపోవడం నీకు అందంగా ఉందా?"

"అలా కాదు నేనన్నది..."

"అడిగావా నన్ను? తలుపు తట్టి, గున్‌థోరా, ఆ రోజు నువ్వు చెప్పింది నలుగురికీ వినిపించనా అని ఒక్కసారి అడిగావా?"

"అడిగితే మాటల్లో సహజత్వం పోతుంది. తర్వాత అందరూ జాగ్రత్తపడి మాట్లాడతారు."

"ఇళ్ళలో దూరి బీరువాలు తెరిచేవాడు కూడా ఇదే అంటాడు బాబూ. అడిగితే జాగ్రత్తపడతారని."

పత్రికావిడ అటూ ఇటూ చూసి పక్కకి జరిగింది. దాగ్రూన్ పరుగున వచ్చి గున్‌థోరా భుజం మీద చెయ్యి వేసింది. "గున్నత్తా, ఇవాళ ప్రారంభోత్సవం. ఇంతమంది వచ్చారు. సోమవారం కూర్చుని మాట్లాడుకుందాం, నామాట విను."

"సోమవారందాకా ఎంతమంది వింటారే?"

బడిలో వంట చేసిన రోజుల్లో ఈ పిల్ల కంచంలో చేపముళ్ళు ఏరిపెట్టిన చెయ్యి గున్‌థోరాది. భుజం మీది చేతిని తోసేసి మొగుణ్ణి తీసుకుని బయటికొచ్చింది.

కారు ఆమే నడిపింది. ఇంటిముందు ఆగాక, హావర్దుర్ దిగకుండా, అద్దంలోంచి వాకిలిని చూస్తూ అన్నాడు.

"మన వాకిలి ఇరుకు గున్నా. కారు వెనక్కి తిప్పడం ఎవరికైనా కష్టమే."

తను అన్నీ చూస్తున్న సంగతి అతని దాకా రాకూడదనే రెండేళ్ళుగా ఇన్ని తంటాలు పడింది. ఆ ఒక్కటీ కూడా ఊల్వర్ మిగలనివ్వలేదు.

మర్నాడు ఆదివారం. తొట్టికి వెళ్ళకూడదనుకుంది. మళ్ళీ, నేనెందుకు మానాలి, తప్పు చేసింది నేనా, అనుకుంది. స్నానం చేసి, ఈతబట్టల్లో ఈదురుగాలిలో పళ్ళు కటకటలాడించుకుంటూ వచ్చి తొట్టిలో దిగింది. అందరూ ఉన్నారు. అయినా తొట్టి మూగదైపోయింది.

"గాలి తూర్పుకి తిరిగింది," అన్నాడు థోర్‌బెర్గుర్.

"తిరిగింది," అంది ఓద్నీ.

అంతే. వాళ్ళు నోరు తెరవబోయి మూసుకోవడం గున్‌థోరా చూసింది. గురకల గురించి గానీ గుంతల గురించి గానీ ఒక్క ముక్క లేదు. మాట బయటికి రాకముందే ప్రతివాడూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. ఆమె కోపం ఇంకొంచెం రాజుకుంది. వాడు తీసుకుపోయింది తన మాటలొక్కటే కాదు.

అప్పుడు తలుపు తెరుచుకుని ఊల్వర్ వచ్చాడు. తువ్వాలు కొక్కేనికి తగిలించి, "శుభోదయం," అంటూ మెట్లు దిగాడు. థోర్‌బెర్గుర్ లేచాడు. ఒంటినుంచి నీళ్ళు కారుతుంటే మాట్లాడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. వెనకే ఓద్నీ. ఆ వెనక మిగతావాళ్ళు. గున్‌థోరా మాత్రం కదల్లేదు. ఊల్వర్ ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు, పాపం అదే మూల, అలాగే మోకాళ్ళు దగ్గరికి లాక్కుని.

"నేను చెప్పాలనుకున్నది..." అని మొదలుపెట్టాడు.

"ఇక్కడ నోరు తెరవకు," అంది. "ఇది మాట్లాడుకునేవాళ్ళ చోటు."

అతను కాసేపు ఆమెవైపే చూశాడు. తర్వాత లేచి, తువ్వాలు కూడా సరిగా కప్పుకోకుండా, లోపలికి వెళ్ళిపోయాడు.

మిగతావాళ్ళు ఎక్కడికీ పోలేదు. గోడవారగా నిలబడి చలికి గంతులేస్తున్నారు. అతను పోగానే బిలబిలమంటూ వచ్చి నీళ్ళలో పడ్డారు. థోర్‌బెర్గుర్ పెదవులు నీలంగా మారాయి. "వాడు ఇంకొంచెంసేపు ఉంటే నన్ను ఆ కేంద్రంలోనే గడ్డకట్టించి పెట్టేవాళ్ళు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు గానీ, బిగుసుకున్న భుజాలు కొంచెం దిగాయి.

గున్‌థోరా గొంతు సవరించుకుంది.

"నిన్న విన్నది నా మాటే. హావర్దుర్‌కి జ్ఞాపకం పోతోంది. రెండేళ్ళనుంచీ. ఇప్పుడు మీకందరికీ తెలిసింది కాబట్టి దాచి లాభం లేదు."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. అయ్యో అనలేదు. గున్‌థోరా ఒక్కొక్కరి మొహమే చూసింది.

"మీకు ముందే తెలుసా?"

థోర్‌బెర్గుర్ మెడ గోక్కున్నాడు. "మొన్న శరత్కాలంలో గరాజుకొచ్చాడు. పడవ ఇంజిను బాగయిందా అని అడిగాడు. పడవ అమ్మేసి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు కదా. రేపు రా, అయిపోతుంది అన్నాను. కాఫీ ఇచ్చి ఇంటిదాకా తోడొచ్చాను. దారిలో కలిశాడని నీతో చెప్పాను."

"నా దగ్గరికి వారంవారం క్షవరానికి వస్తాడు," అంది ఓద్నీ. ఊళ్ళో ఉన్న ఒక్క క్షవరశాలా ఆమెదే. "కత్తిరించడానికి జుట్టేదే? గాల్లో కత్తెర ఆడించి, మెడమీద బ్రష్షుతో దులిపి పంపిస్తాను. సంతోషంగా వెళ్తాడు."

గున్‌థోరాకి కళ్ళు చెమ్మగిల్లాయి. మరుక్షణం నిప్పులు తొక్కినట్టు లేచింది.

"తెలుసా? తెలిసీ ఇన్నాళ్ళూ నన్ను నాటకం ఆడనిచ్చారా? ఇల్లు దాటాలంటే భయం నాకు. ఎవరింటికీ భోజనానికి పోలేదు. పండక్కి మా అక్క రమ్మంటే ఒంట్లో బాలేదని అబద్ధం చెప్పాను. ఒక్కరు, మీలో ఒక్కరు, గున్నా నువ్వు కాస్త పడుకో, ఇవాళ మేం చూస్తాం అని అనలేకపోయారా?"

"నువ్వు దాస్తున్నావు కదే," అంది ఓద్నీ, బిక్కమొహంతో. "దాచుకోనీ అనుకున్నాం. మర్యాద అనుకున్నాం."

"మీ మర్యాద తగలెయ్య! ఊరంతా పెదవి విప్పదు, నిన్న మొన్న వచ్చినవాడు ఊరంతా టముకేస్తాడు. మధ్యలో నేనేమైపోవాలి?"

చివరికి థోర్‌బెర్గుర్ అన్నాడు, "మంగళవారం నేను తీసుకెళ్తాను హావర్దుర్‌ని. గరాజులో పనిముట్లు సర్దుతాడు. అతనికిష్టం." ఆమె సరే అనలేదు, వద్దనలేదు. ఎక్కి వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళాక కూడా ఇద్దరిమీదా కోపం తగ్గలేదు, చెప్పినవాడి మీదా, చెప్పనివాళ్ళ మీదా. కానీ మంగళవారం థోర్‌బెర్గుర్ వచ్చి హారన్ కొడితే హావర్దుర్‌కి కోటు తొడిగి పంపించింది. చాలా రోజుల తర్వాత ఒక పూటంతా ఒంటరిగా పడుకుని నిద్రపోయింది.

సోమవారమే దాగ్రూన్ ఫోన్ చేసి, ఆమె మాటలు తీసేశామని చెప్పింది. తీశారో లేదో కళ్ళారా చూడాలని బుధవారం గున్‌థోరా కేంద్రానికి వెళ్ళింది. చీకటిగదిలో తెలియని జంట ఒకటి తొట్టి అంచుమీద కూర్చుని ఉంది. నగరంవాళ్ళలా ఉన్నారు. థోర్‌బెర్గుర్ గుంతలు అయ్యాయి. ఓద్నీ గురక అయింది. తర్వాత ఏ గొంతూ రాలేదు. ఆమె హమ్మయ్య అనుకునేలోపు గోడమీద సన్నటి దీపం వెలిగింది. దాని కింద తెల్లటి అట్టముక్క మీద రాసి ఉంది: "ఈ మాటలు చెప్పిన స్త్రీ కోరికపై ఇక్కడ నిశ్శబ్దం."

నిశ్శబ్దం సాగింది. సరిగ్గా ఆమె మాటలు ఎంతసేపుండేవో అంతసేపూ సాగింది. ఆ జంటలో ఆడమనిషి మొగుడి చెయ్యి పట్టుకుని గుసగుసగా అంది.

"మొత్తంలో ఇదే గొప్పగా ఉంది, కదూ? ఏం చెప్పి ఉంటుందో పాపం!"

గున్‌థోరాకి తల తిరిగిపోయింది. గోడ దగ్గరికెళ్ళి అట్టని పీకి నాలుగు ముక్కలు చేసింది. ఆ జంట అదీ ప్రదర్శనలో భాగమేననుకుని ఆసక్తిగా చూశారు. అది చూసి ఆమెకి ఇంకా మండింది. ముక్కలు తెచ్చి దాగ్రూన్ బల్లమీద కుమ్మరించింది.

"నేను వద్దన్నదాన్ని కూడా వాడుకున్నారా?"

"ఊల్వర్ ఆలోచన అత్తా అది. నీమీద గౌరవంతోనే..."

"నేను నోరు మూసుకున్నా దానికీ దీపం పెడతాడా? రేపు నేను చస్తే శవపేటిక కూడా తెచ్చి మధ్యలో పెడతారేమో!"

"మరి ఏం చెయ్యమంటావు? మొత్తం తీసెయ్యమంటావా? వేరేవాళ్ళ మాటలు కూడా ఉన్నాయి. వాళ్ళెవరూ వద్దనలేదు."

"అడిగావా వాళ్ళని?"

దాగ్రూన్ తలదించుకుంది. గున్‌థోరా ఇంకేమీ అనకుండా వచ్చేసింది. మర్నాడు తొట్టిలో జరిగిందంతా చెప్పింది, అట్టమీది మాటలతో సహా. తన గుంతల హాస్యం నిజానికి థోర్‌బెర్గుర్‌కి నచ్చింది. రెండుసార్లు వెళ్ళి విని వచ్చాడు కూడా. అయినా నిట్టూర్చి, "నాదీ తీసెయ్యమంటాను," అన్నాడు. "అధ్యక్షుడు అప్పటినుంచీ నాతో మాట్లాడటం లేదు. నన్ను తిడితే తిట్టనీ, కానీ మొహం మీదే తిట్టాలి."

ఆ మధ్యాహ్నం తొట్టివాళ్ళంతా, తలలింకా తడిగానే, కేంద్రానికి వెళ్ళారు. నాదీ తీసెయ్, నాదీ తీసెయ్ అంటూ బల్లముందు వరసకట్టారు. ఊల్వర్ మేడమెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. దాగ్రూన్ ముందు వాదించింది, తర్వాత బతిమాలింది. చివర్లో వాళ్ళమ్మ వచ్చి నిలబడేసరికి ఆమె మొహం పాలిపోయింది.

"నువ్వు కూడానా అమ్మా?"

"ఆ గురక మాట నాదేనే. మీ నాన్న ఆ రోజునుంచీ హాల్లో సోఫా మీద పడుకుంటున్నాడు," అంది ఓద్నీ. "ఊరి ముందు పరువు పోయిందట. ఇంట్లో ఇంత జరుగుతుంటే కన్నకూతురివి, ఒక్కసారి ఫోన్ చేసి అడగాలనిపించలేదా?"

"అది నీ మాటేనని నాకు తెలీదమ్మా. నిజంగా. నాటకంవాళ్ళు చదువుతుంటే... ఎవరో ఒకావిడ అనుకున్నాను."

"ఎవరో ఒకావిడ!" అంది ఓద్నీ. ఆ రెండు ముక్కలూ ఆమె అన్న తీరుకి గదిలో అందరూ సర్దుకుని నిలబడ్డారు.

దాగ్రూన్ కాసేపు ఊల్వర్ వైపు చూసింది. అతను ఏదో చెప్పబోయాడు. ఆమె చెయ్యి అడ్డంపెట్టి ఆపి, తనే లోపలికెళ్ళి స్విచ్చి కట్టేసింది. చీకటిగదిలో మామూలు దీపాలు వెలిగాయి. ఆ వెలుగులో తొట్టి చెక్కముక్కలతో, బంకతో అతికించినట్టు కనిపించింది, చవగ్గా.

"ఏ అట్టా పెట్టకు," అంది గున్‌థోరా గుమ్మంలోంచి. "ఎందుకు తీశారో రాయకు. ఏమీ రాయకు."

వారం గడిచాక, బస్సెక్కే రోజున, ఊల్వర్ గున్‌థోరా వాళ్ళింటికి వచ్చాడు. తలుపు తీసింది హావర్దుర్. కుర్రాడు చలిలో నిలబడి ఉండటం చూసి, "లోపలికి రా నాయనా, గాలి చంపేస్తోంది," అని చెయ్యిపట్టి లాక్కొచ్చి వంటింట్లో కూర్చోబెట్టాడు. గున్‌థోరా పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసి అక్కడే బిగుసుకుపోయింది. హావర్దుర్ తనే కాఫీ పోశాడు. ఎండుచేపా వెన్నా బల్లమీద పెట్టాడు. ఏ పడవలో పనిచేస్తున్నావని అడిగాడు. ఊల్వర్ ఏ పడవలోనూ లేనన్నాడు. "దొరుకుతుందిలే, చేతులు మంచివి నీకు," అన్నాడు హావర్దుర్. మరికాసేపు ఉండి, గొర్రెతోలు చెప్పులు వెతుక్కోవడానికి లోపలి గదిలోకి వెళ్ళాడు.

"క్షమాపణ చెప్పడానికి వచ్చాను," అన్నాడు ఊల్వర్. "నేను తప్పు చేశాను. కానీ గున్‌థోరా, ఆ రోజు నేను విన్నది మాత్రం నటన కాదు. నిజంగా విన్నాను."

"తెలుసు," అంది. "నా కోపం అందుకే."

అతనికి అర్థం కాలేదు. ఆమె గరిటె పక్కన పెట్టి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఆ ఉదయం నీకు చెప్పి ఇంటికొచ్చి, ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయాను. ఎవరో ఒకరు విన్నారు, చాలు అనుకున్నాను. నువ్వు వినకుండా ఉంటే నాకింత మంట ఉండేది కాదు. ఇకమీదట ఎవరైనా నావైపు అంత మెత్తగా చూస్తే, వీడు దీన్నేం చేసుకుంటాడో అనే అనుకుంటాను. చచ్చేదాకా. అది నువ్వు చేసింది."

ఊల్వర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమెనే చూస్తున్నాడు, రెప్పవేయకుండా, అచ్చం ఆ రోజులాగే.

"చూడకు అలా," అంది గున్‌థోరా. "ఇదీ మూటగట్టుకుపోతున్నావా?"

అతను చటుక్కున తల వంచుకున్నాడు. కాఫీ సగం తాగి లేచాడు. హావర్దుర్ చెప్పులు దొరక్క ఒంటి మేజోడుతో బయటికొచ్చి, పొయ్యేవాణ్ణి చూసి నొచ్చుకున్నాడు. మిగిలిన ఎండుచేప కాగితంలో చుట్టి బలవంతాన అతని జేబులో పెట్టాడు. "దారిలో తిను. మళ్ళీ ఎప్పుడొచ్చినా ఈ ఇల్లు నీదే అనుకో," అన్నాడు. గున్‌థోరా ఆ మాటకి పళ్ళు కొరుక్కుంది గానీ, మొగుడి మాట మధ్యలో అందుకోలేదు. అతన్ని పూర్తిగా చెప్పనిచ్చింది.

తలుపు మూశాక హావర్దుర్ కిటికీ దగ్గర నిలబడి, వాలులో దిగిపోతున్న ఎర్రటి మెడగుడ్డనే చూస్తున్నాడు.

"మంచి కుర్రాడు. ఎవరు గున్నా అతను?"

"దొంగ," అంది.

హావర్దుర్ గిరుక్కున తిరిగి ఆమె మొహం చూశాడు. వేళాకోళమో నిజమో తేలక కాసేపు తటపటాయించాడు. తర్వాత పెద్దగా నవ్వాడు, పడవమీద ఉన్న రోజుల్లో నవ్వినట్టు.

"దొంగకి కాఫీ ఇచ్చావా?"

"నేనెందుకిస్తాను? నువ్వే ఇచ్చావు. వెన్న కూడా పెట్టావు."

"అయ్యో! ఏమైనా పట్టుకుపోయాడా?"

గున్‌థోరా ఊల్వర్ వదిలేసిన కప్పు తీసుకుంది. అది ఇంకా వెచ్చగానే ఉంది. సింకులో పెట్టి కుళాయి గట్టిగా తిప్పింది.

"పట్టుకుపోయాడు," అంది. "నీ రెండో మేజోడు ఎక్కడుందో చూద్దాం పద, కాలు చల్లబడిపోతుంది."